నీలం పొగ చూసి ఇంజిన్ దించేయకండి

సంపాదకులు గారికి,

పాత లారీ సైలెన్సర్‌లోంచి నీలం పొగ కనబడితే చాలు, షెడ్డులో మొదట వినబడే మాట "బోరు పోయింది, ఇంజిన్ దించాలి" అని. బోరు అంటే సిలిండర్ లోపలి గోడ, రింగులు అంటే పిస్టన్ చుట్టూ ఉండి ఆయిల్‌ను పైకి పోనివ్వని ఇనుప చుట్లు. ఆరు సిలిండర్ల ఇంజిన్‌కు పిస్టన్లు, రింగులు, బేరింగులు, లేత్ పని, కూలి అన్నీ కలిపితే లక్ష రూపాయలు దాటుతుంది. బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది, ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. అంత ఖర్చు పెట్టి బండి బయటికి తీశాక మళ్లీ అదే పొగ వచ్చి ఓనరు తల పట్టుకోవడం ఆటోనగర్లలో కొత్త సంగతేమీ కాదు. ఆయిల్ ఏ దారిన సిలిండర్‌లోకి చేరుతోందో తేల్చుకోకుండా ఇంజిన్ విప్పితే ఇలాగే అవుతుంది. బోరూ రింగులూ ఆ దారుల్లో ఒకటి మాత్రమే. మిగిలిన దారులను ఇంజిన్ విప్పకుండానే, చాలావరకు పానాలతోనూ కంటిచూపుతోనూ పట్టుకోవచ్చు.

ముందు ఆ పొగ నిజంగా ఆయిల్ పొగేనా అన్నది చూడాలి. తెల్లవారుజామున చలిలో స్టార్ట్ చేసినప్పుడు సగం కాలిన డీజిల్ కూడా నీలంగానో బూడిదరంగులోనో కనిపిస్తుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారుతున్నా, డీజిల్ పంపు టైమింగ్ వెనక్కి జరిగినా, ఒక సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గినా వచ్చే పొగ ఇది. ఇది కళ్లు మండిస్తుంది, పచ్చి డీజిల్ వాసన వేస్తుంది, ఇంజిన్ వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ఆయిల్ పొగ కళ్లను అంతగా మండించదు. కాలిన నూనె వాసనతో బండి వెనక గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది. అనుమానం తీరకపోతే సైలెన్సర్ చివర జానెడు దూరంలో తెల్ల అట్టముక్క ఒక నిమిషం పట్టి చూడండి. ఆయిల్ పడితే జిడ్డు చుక్కలు మరుసటి రోజుకూ ఆరవు. నాజిల్ దోషానికి ఇంజిన్ విప్పించుకున్నవాళ్లు ఉన్నారు కాబట్టే ఈ మాట మొదట చెబుతున్నాను. నాజిళ్లను టెస్టింగ్ షాపుకు పంపి ఒత్తిడీ స్ప్రే చూపించుకోవడం ఒక్క పూట పని.

రెండోది కొలత. "ఆయిల్ బాగా తాగుతోంది" అంటే ఎంత? బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేసి, ఆయిల్ పైనుంచి చాంబర్‌లోకి, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి, దిగేందుకు పదిహేను నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ పై గీత దాకా నింపి, కిలోమీటర్ రీడింగ్ రాసుకోవాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే చోట, అదే తీరున కొలమగ్గుతో పోస్తూ ఎంత పట్టిందో చూడాలి. దాన్ని ఆ వెయ్యి కిలోమీటర్లకు కాలిన డీజిల్‌తో పోల్చాలి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండి అయితే 250 లీటర్ల డీజిల్ కాలుతుంది. పాత ఇంజిన్ అందులో అర శాతం, అంటే లీటరుంపావు ఆయిల్ తీసుకున్నా కంగారు పడనక్కర్లేదు. ఒక శాతం, అంటే రెండున్నర లీటర్లు దాటితే కారణం వెతకాలి. ఇది మెకానిక్కులు లెక్కకు వాడే అంచనా, ప్రతి ఇంజిన్‌కూ కంపెనీ పుస్తకంలో దాని హద్దు వేరుగా ఉంటుంది. కొలవకుండా నడిచే బండికి మాత్రం ఏ హద్దూ వర్తించదు. క్లీనర్ ఒక ట్రిప్పులో ఎత్తు మీద ఆపిన చోట, మరో ట్రిప్పులో పల్లంలో ఆపిన చోట డిప్‌స్టిక్ చూసి పోస్తుంటే ఆయిల్ ఎక్కువైపోవడమే జరుగుతుంది. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంక్ చిలికి తుంపరలు చేస్తుంది, అవి బోరుకూ, చాంబర్‌లోని గాలి బయటికి పోయే గొట్టమైన బ్రీదర్‌కూ ఎక్కుతాయి, పొగ వస్తుంది. పై గీతకు మించి పోసిన ఆయిల్ దించేస్తేనే తగ్గిపోయే నీలం పొగలు ఉన్నాయి.

ఎవరూ పోయకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరుగుతుంటే అది ఇంకా చెడ్డ సూచన. ఫీడ్ పంపు నుంచో ఇంజెక్షన్ పంపు సీలు నుంచో డీజిల్ చాంబర్‌లోకి దిగుతోందన్నమాట. వేలికి రాసుకుంటే పలచగా ఉంటుంది, డీజిల్ వాసన కొడుతుంది. పలచబడిన ఆయిల్ రింగులను దాటి పైకి పోతుంది, బేరింగులను కూడా తినేస్తుంది. దీనికి బోరు పని చేయిస్తే డబ్బు గంగలో పోసినట్టే.

పొగ లేకుండానే ఆయిల్ తగ్గుతుంటే వెతకాల్సింది బోరులో కాదు. క్రాంక్ వెనక సీలు, టాపెట్ కవర్ గాస్కెట్, ఆయిల్ కూలర్ చూడాలి. రేడియేటర్ నీటి మీద జిడ్డు తేలితే కూలర్ మీదే అనుమానం. ఆ తర్వాత బ్రేకులకు గాలి నింపే ఎయిర్ కంప్రెసర్. చాలామంది మరిచిపోయేది ఇదే. ఎయిర్ ట్యాంకుల అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వ్ లాగితే నాలుగు చుక్కల జిడ్డునీరు రావడం మామూలే. చిక్కటి ఆయిల్ ధారగా వస్తే కంప్రెసర్ రింగులు అరిగినట్టే. అటువైపు ఆయిల్ ఎంత పోయినా సైలెన్సర్‌లో పొగ కనబడదు. పైగా ఆ ఆయిల్ బ్రేకుల వాల్వుల రబ్బర్లను పాడు చేస్తుంది, కాబట్టి దీన్ని ఆయిల్ ఖర్చుగా కాక బ్రేకుల సమస్యగా చూడాలి.

ఇక ఇంజిన్ ఊపిరి. ఇంజిన్‌ను బాగా వేడెక్కించి, ఐడిల్‌లో పెట్టి, ఆయిల్ పోసే మూత విప్పి, దాన్ని తలకిందులుగా ఆ మూతి మీదే వదులుగా ఉంచండి. కొద్దిగా అదురుతూ నిలబడితే బాగున్నట్టు. ఎగిరెగిరి పక్కకు పడిపోతే, లేదా మూతి నుంచి పొగ రైలింజన్‌లా కొడుతుంటే చాంబర్‌లో ఒత్తిడి ఎక్కువుందన్నమాట. ఇక్కడే చాలామంది తీర్పు చెప్పేస్తారు, రింగులు పోయాయని. ఆ ఒత్తిడికి రింగులు కాక మరో మూడు పుట్టుకలు ఉండవచ్చు. బ్రీదర్ గొట్టం బురదతోనో జిడ్డుతోనో పూడిపోయి ఉండవచ్చు, దాన్ని విప్పి డీజిల్‌తో కడిగి ఊదితే సరిపోతుంది. ఎయిర్ కంప్రెసర్ రింగులు అరిగితే అది కొట్టే గాలి తన ఆయిల్ దారి గుండా చాంబర్‌లోకే వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. ట్యాంకులు ఖాళీ చేసి స్టార్ట్ చేసి, గాలి నిండుతున్నంతసేపూ బ్రీదర్ ఎలా కొడుతోందో చూడండి. ట్యాంకులు నిండి, ఎక్కువైన గాలిని వదిలే అన్‌లోడర్ వాల్వు 'తుస్సు'మని వదిలాక మళ్లీ చూడండి. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే దోషం కంప్రెసర్‌ది, ఇంజిన్ బోరుది కాదు. టర్బో (ఎగ్జాస్ట్ పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే పరికరం) షాఫ్ట్ సీళ్లు అరిగినా ఎగ్జాస్ట్ గాలి ఆయిల్ డ్రెయిన్ గొట్టం గుండా కిందికి దిగి ఇలాగే చూపిస్తుంది. ఈ మూడూ కాదని తేలాకే రింగుల మాట ఎత్తాలి.

టర్బో గురించి కాస్త ఎక్కువే రాయాలి. కమిన్స్ 6బీటీ వంటి టర్బో ఇంజిన్ల మీద పడే నిందల్లో చాలా భాగం దీనివల్లే. టర్బో షాఫ్ట్‌కు ఉండేది రబ్బరు సీలు కాదు, పిస్టన్ రింగు లాంటి చిన్న ఇనుప రింగు. రెండు చివర్లా ఉండే గాలి ఒత్తిడీ, కిందికి ఆగకుండా దిగిపోయే ఆయిలూ ఈ రెండే ఆయిల్‌ను లోపల ఆపి ఉంచుతాయి. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోతే టర్బోలో గాలి నెట్టే చక్రం (దీన్నీ కంప్రెసర్ అనే అంటారు) వెనక గాలి పలచబడి ఆయిల్‌ను బయటికి లాగేస్తుంది. డ్రెయిన్ గొట్టం నలిగినా, వంగినా, చాంబర్‌లో ఒత్తిడి పెరిగినా ఆయిల్ దిగలేక రెండువైపులా పొంగుతుంది. కాబట్టి టర్బో ఆయిల్ వదులుతోందంటే టర్బో పోయిందని అర్థం కాదు. డ్రెయిన్ గొట్టం ఫ్లాంజికి గాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు దట్టంగా రాసి బిగించే అలవాటు చాలా చోట్ల ఉంది. బిగించినప్పుడు ఆ పేస్టు లోపలికి పిండుకుని గొట్టం దారిని సగం మూసేస్తుంది. కొత్త టర్బో వేసినా అదే పొగ ఎందుకు వస్తోందంటే, కొత్త టర్బోకు కూడా అదే గొట్టం, అదే పేస్టు.

చూడాల్సిన తీరు ఇది. ఎయిర్ క్లీనర్ నుంచి టర్బోకు వచ్చే గొట్టం విప్పి టార్చి వేసి చూడండి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే పెట్టెకు), ఇంటర్‌కూలర్ లేకపోతే నేరుగా ఇంజిన్ గాలి దారి అయిన ఇన్‌టేక్‌కు వెళ్లే గొట్టం విప్పి లోపల వేలు తిప్పండి. వేలికి పలచటి తేమ అంటడం మామూలే. వేలు మునిగేంత ఆయిల్ అడుగున నిలిచి ఉంటే అది టర్బో కంప్రెసర్ చక్రం వైపు నుంచి వచ్చింది. చక్రాన్ని పట్టుకుని కదిపి చూడండి. షాఫ్ట్ ఆయిల్ పొర మీద తేలుతుంది కనుక పైకీ కిందికీ కొంచెం కదలడం తప్పేం కాదు. చక్రం గోడకు రాసుకున్న గీతలు కనబడినా, ముందుకీ వెనక్కీ చేతికి స్పష్టంగా తెలిసేంత ఆట ఉన్నా టర్బో మార్చాల్సిందే. ఎగ్జాస్ట్ వైపు తేల్చుకోవాలంటే సిలిండర్ల పొగను ఒకచోటికి చేర్చే మానిఫోల్డ్ విప్పాలి. సిలిండర్ల పైమూత అయిన హెడ్ నుంచి వచ్చే పోర్టులన్నీ (పొగ రంధ్రాలన్నీ) పొడిగా ఉండి, టర్బోకు అవతల సైలెన్సర్ వైపు దిగే డౌన్‌పైపు మాత్రం ఆయిల్‌తో తడిసి ఉంటే దోషం టర్బోలోనే. ఒకటో రెండో పోర్టులు మాత్రమే తడిగా ఉంటే ఆ సిలిండర్లలో వెతకాలి. అన్నీ తడిగా ఉంటేనే బోరు మీద అనుమానం బలపడుతుంది.

టర్బో మార్చాక ఇంటర్‌కూలర్‌ను దించి కడిగి తీరాలి. అందులో నిలిచిన ఆయిల్ కొన్నాళ్ల పాటు పొగ ఇస్తూనే ఉంటుంది, ఓనరేమో కొత్త టర్బో కూడా పోయిందనుకుంటాడు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ఆ ఆయిల్ ఒక్కసారిగా ఇన్‌టేక్‌లోకి పోతే ఇంజిన్ దాన్నే డీజిల్‌గా తాగి తనంతట తాను రేసవుతుంది. తాళం తీసినా, డీజిల్ ఆపినా ఆగదు. బండి నిలిచి ఉంటే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి క్లచ్ వదిలి ఆపేయాలి. లేదా గాలి దారిని మందపాటి చెక్కతోనో రేకుతోనో మూయాలి. చేయి అడ్డం పెట్టకూడదు, గుడ్డ పెడితే లోపలికి లాగేసుకుంటుంది. చుట్టూ నిలబడినవాళ్లను ముందే దూరం పంపాలి.

వాల్వ్ గైడ్ల (వాల్వు కాడ జారే గొట్టాల) విషయంలో కార్ల దగ్గర విన్న మాటలు లారీలకు అతికిస్తుంటారు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పొగ వస్తే గైడ్లు పోయాయని అనడం పెట్రోలు ఇంజిన్ లెక్క. పాత డీజిల్ లారీలకు పెట్రోలు బండిలోలా గాలిని అడ్డగించే థ్రాటిల్ రెక్క ఉండదు కాబట్టి ఇన్‌టేక్‌లో అంత లాగుడు ఉండదు, ఎయిర్ ఫిల్టర్ పూడిపోతే తప్ప. డీజిల్‌లో గైడ్ల లీకు ఎక్కువగా రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడో, చాలాసేపు ఐడిల్‌లో ఉంచి కదిలించినప్పుడో ఒక గుప్పు నీలం పొగగా కనబడి కాసేపటికి తగ్గిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు మీద లాగేటప్పుడు విడవకుండా వచ్చే పొగ, దానికి తోడు బ్రీదర్ కొట్టడం ఉంటే అది రింగుల గుర్తు.

ఇన్ని చూశాక కూడా రింగుల మీదే అనుమానం నిలిస్తే అప్పుడు కంప్రెషన్ టెస్టు. నాజిల్ విప్పిన రంధ్రంలో గేజి బిగించి, బ్యాటరీ పూర్తిగా చార్జి అయి, ఇంజిన్ వేడిగా ఉండగా స్టార్టర్‌తో తిప్పాలి. అసలు అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మిగిలినవాటికీ ఒకదానికీ నూటికి పది పదిహేను మించి తేడా ఉంటే ఆ సిలిండర్‌లోనే కథ ఉంది. అన్నీ సమానంగా తగ్గి ఉంటే మొత్తం ఇంజిన్ అరిగింది. పెట్రోలు ఇంజిన్‌లో చేసినట్టు సిలిండర్‌లో ఆయిల్ పోసి మళ్లీ కొలిచే పద్ధతి డీజిల్‌లో వద్దు. పిస్టన్ పైన ఉండే చోటు చాలా తక్కువ కాబట్టి ఆ ఆయిలే కంప్రెషన్ పెంచి మోసం చేస్తుంది, కాస్త ఎక్కువ పడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దానికన్నా ఈ పని మేలు. ఆ సిలిండర్ పిస్టన్‌ను, రెండు వాల్వులూ మూసి ఉండే పై పాయింటుకు తెచ్చి, క్రాంక్ తిరగకుండా ఆపి, నాజిల్ రంధ్రం గుండా షాపు కంప్రెసర్ గాలి ఎక్కించి వినాలి. ఆయిల్ మూత దగ్గర గాలి చప్పుడైతే రింగులు, సైలెన్సర్‌లో చప్పుడైతే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ క్లీనర్ వైపైతే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్ లేదా హెడ్.

రింగులు అరిగాయని తేలితే ఎందుకు అరిగాయో కూడా తేలాలి. లేకపోతే కొత్త రింగులూ అదే దారి పడతాయి. మన దగ్గర పెద్ద కారణం దుమ్ము. కంకర, ఇసుక, ఫ్లైయాష్ తోలే బండ్లలో ఫిల్టర్ నుంచి టర్బో దాకా ఉన్న రబ్బరు గొట్టం ఒకచోట చీలినా, క్లిప్పు వదులైనా ఫిల్టర్ ఎంత కొత్తదైనా లాభం లేదు. ఆ గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిస్తే దుమ్ము అంటకూడదు, అంటితే దొంగదారి ఉన్నట్టే. ఫిల్టర్‌ను టైర్ల షాపు గాలితో పూర్తి ఒత్తిడి మీద కొట్టిస్తే కాగితం చిల్లులు పడుతుంది. రెండు కిలోల ఒత్తిడి మించకుండా, లోపలి నుంచి బయటికి ఊదాలి. రెండో కారణం గంటల తరబడి ఐడిల్. మిల్లు దగ్గర, పోర్టు గేటు దగ్గర వరుసలో నిలబడి ఇంజిన్ ఆపకుండా ఉంచితే రింగులకు తగినంత ఒత్తిడి అందదు, బోరు గోడ అద్దంలా నున్నబడి ఆయిల్‌ను నిలుపుకోలేదు. మూడోది ఆయిలే. పుస్తకం చెప్పిన గ్రేడు, చాలా పాత టర్బో ఇంజిన్లకు 15డబ్ల్యూ-40, సీలు చూసి కొనాలి. విడిగా అమ్మే ఆయిల్ పోస్తే, అది రింగుల గాడుల్లో మసి కట్టి రింగును కదలనివ్వదు. లోడు మీద వచ్చిన బండిని వెంటనే కట్టేయకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే టర్బోలో ఆయిల్ మాడదు.

పని చేయించేటప్పుడు కూడా కళ్లు తెరిచి ఉండాలి. హెడ్ దించగానే పిస్టన్ తలలు చూడండి. అంచు చుట్టూ మసి కడిగినట్టు శుభ్రంగా ఉంటే ఆయిల్ రింగుల పక్కనుంచి వస్తోంది. ఇన్‌టేక్ వాల్వు వెనక భాగంలో మసి గడ్డలా పేరుకుంటే గైడు దారి. బోరును పైన, మధ్యన, కింద, రెండు దిక్కుల్లో బోర్ గేజితో కొలిపించండి. అరిగిన బోరులో రింగులు మాత్రం మార్చితే పైన మిగిలిన మెట్టుకు కొత్త రింగు తగిలి విరుగుతుంది. 6బీటీ లాంటి ఇంజిన్‌కు విడిగా తీసి మార్చే లైనరు ఉండదు, బ్లాకులోనే బోరు. కాబట్టి బోరును పెద్దది చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలా, లోపల కొత్త గోడగా స్లీవు దింపాలా అన్నది కొలత చూసి తేల్చాలి. హోనింగ్ (బోరును సానరాయితో సన్నటి గీతలు పడేలా రుద్దడం) అయ్యాక బోరును డీజిల్‌తో కడిగి వదిలేస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లూ సబ్బుతో బ్రష్ వేసి, ఆయిల్ రాసిన తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు తుడవాలి. రింగు మీద 'టాప్' అన్న గుర్తు పైకి ఉండాలి, గ్యాపులు ఒకదాని కింద ఒకటి రాకూడదు.

ఇంకొక సంగతి. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం పాత డీజిల్ బండికి పొగ మసక 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు (పొగ మసకకు వాడే కొలత), బీఎస్-4 కాలుష్య ప్రమాణాల బండికి 50 దాటకూడదు. ఆ యంత్రం మసకను కొలుస్తుంది తప్ప రంగును చెప్పదు. ఆయిల్ తాగే బండి కూడా అందులో పాసవుతుంది. రవాణా శాఖ ఫిట్‌నెస్ పరీక్షలో పొగ రంగునూ, అది చల్లని ఇంజిన్‌లో వచ్చిందా వేడి ఇంజిన్‌లో వచ్చిందా అన్నదీ ఒక వరుస రాసి ఇస్తే ఓనరుకు ఖర్చు లేకుండా సగం దారి తెలుస్తుంది. ఐటీఐల్లో ఏడాదిపాటు నడిచే మెకానిక్ డీజిల్ కోర్సులో ఇంజిన్ విప్పి బిగించడం నేర్పినంత శ్రద్ధగా విప్పకముందు పరీక్షించడం కూడా నేర్పాలి. లారీ ఓనర్ల సంఘాలు తమ సభ్యులకు ఒక్క నియమం పెట్టుకోమని చెప్పాలి. ఇంజిన్ దించే ముందు షెడ్డువాళ్లు వెయ్యి కిలోమీటర్ల ఆయిల్ లెక్క, బ్రీదర్ స్థితి, టర్బో గొట్టాల్లో ఏం కనబడిందో, ఆరు సిలిండర్ల కంప్రెషన్ అంకెలు కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

బోరు పని అయిన బండిని కొత్త రింగులు కూర్చోవాలంటూ రోజంతా ఐడిల్‌లో వదిలే పద్ధతి మాత్రం వెంటనే మానేయాలి. కొత్త రింగులు లోడు మీదే కూర్చుంటాయి. స్టార్ట్ చేసి లీకులు చూసుకుని, నీళ్లు వేడెక్కగానే ఒక మోస్తరు లోడుతో రోడ్డెక్కించి, గేర్లు మారుస్తూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ నడపాలి. మొదటి ఆయిలూ ఫిల్టరూ తొందరగా మార్చి, ఆ తర్వాత వెయ్యి కిలోమీటర్ల లెక్క మళ్లీ రాసుకోవాలి.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్,
జవహర్ ఆటోనగర్, విజయవాడ